కదిలితేనే ఉన్నట్టు

తప్పు నాదే. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను, తరవాత ఎవరూ తవ్వి తీయక్కర్లేదు.

నాకు చిన్నప్పటి నుంచీ తీగలు, బ్యాటరీలు, బొమ్మలు విప్పి చూసే పిచ్చి. ఉద్యోగం మాత్రం పాత భూమి రికార్డుల కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటు. పల్నాడులో ఎండలకి పేరుపడ్డ ఊరు మాది. సెలవురోజున ఇంట్లో కూర్చుని ఏదో ఒకటి అతికిస్తూ ఉంటాను. అలా ఒకసారి బాత్రూంలో పీఐఆర్ సెన్సరు పెట్టాను. చారెడు కూడా ఉండదు. బోర్లించిన చిన్న ప్లాస్టిక్ గిన్నెలా తెల్లగా ఉంటుంది. మనిషి ఒంటి వేడి దాని ముందు కదిలితే పసిగట్టి లైటు వెలిగిస్తుంది. కదలకపోతే కాసేపటికి ఆర్పేస్తుంది. వెనకాల రెండు నారింజరంగు మరలుంటాయి. ఒకటి తిప్పితే ఎంత చిన్న కదలిక పట్టాలో మారుతుంది, రెండోది తిప్పితే ఎంతసేపు వెలగాలో మారుతుంది. ఆ రెండు మరల్ని గుర్తు పెట్టుకోండి. నా సిగ్గంతా వాటిలోనే ఉంది.

మా అమ్మాయి మొదటి పుట్టినరోజుకి మా ఆఫీసరు, సహాయ సంచాలకులు విశ్వమోహన్ గారు దయచేశారు. బిర్యానీ తిన్నారు. బాత్రూంలోకి వెళ్ళారు. స్విచ్చి ముట్టకుండానే లైటు వెలిగింది. పది నిమిషాలు బయటికి రాలేదు. మధ్యలో చీకటి పడటం, ఆయన చెయ్యి ఊపటం, మళ్ళీ వెలగటం తలుపు సందులోంచి మా అందరికీ తెలుస్తూనే ఉంది. బయటికొచ్చేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది.

"మిస్టర్ బాలశౌరీ, నేను లోపల ఉన్నానని ఈ యంత్రమునకు ఎట్లు తెలిసినది?"

"మీరు కదిలారు కదా సార్."

"కదలనిచో?"

"లేరనుకుంటుంది సార్."

ఆయన కేకు ముక్క పట్టుకుని మళ్ళీ బాత్రూంలోకి తొంగి చూశారు. నేను అప్పుడే అనుమానించాల్సింది.

జనవరిలో ఆఫీసులో ప్రతి టేబులు మీదా ఒక సెన్సరు వెలిసింది. అన్నీ నేనే బిగించాను. కరెంటు ఆదా కోసమని చెప్పారు. నా గది తలుపు మీద 'ఉనికి పరికరముల ప్రత్యేక పర్యవేక్షకుడు' అని ఇత్తడి బోర్డు పెట్టించారు. జీతం పెరగలేదు గానీ, రోజూ పొద్దున ఆ బోర్డుని జేబురుమాలుతో తుడిచేవాణ్ణి. అబద్ధం ఎందుకు, బాగానే ఉండేది.

ఫిబ్రవరి ఒకటిన ఉత్తర్వు వచ్చింది.

'కదలికయే ఉనికి, ఉనికియే హాజరు. ప్రతి ఉద్యోగియు ఐదు నిమిషములకు ఒక పర్యాయమునకు తగ్గకుండా కదలవలెను. కదలని ఐదు నిమిషములు దినమునకు పన్నెండు దాటినచో ఆ దినము గైర్హాజరుగా పరిగణింపబడును. పరికరములను తాకుట, తిప్పుట, వానితో వాదించుట శిక్షార్హము. హాజరు వివరములు మానవ హస్తము సోకకుండా నేరుగా ప్రధాన కార్యాలయమునకు చేరును.'

కూర్చుని కాళ్ళూపితే దరిద్రమని చిన్నప్పుడు మా అమ్మమ్మ తొడ మీద చరిచేది. ఇప్పుడు ఊపకపోతే దరిద్రం. సెక్షన్లో పద్దెనిమిది మందీ కాళ్ళూపటం మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి తెలిసిందేమిటంటే, రాసేటప్పుడు కదిలే వేళ్ళు యంత్రానికి ఆనవు. చేతులు తిప్పుతూ కబుర్లు చెప్పేవాళ్ళు దానికి బాగా కనిపిస్తారు. ఫైలు ముందేసుకుని రాసేవాళ్ళు మాయమైపోతారు. ప్రాణం ఎవరికి తీపి కాదు? అందరూ రాయటం మానేసి కబుర్లలో పడ్డారు. హాజరు నూటికి తొంభై ఎనిమిది.

నెలాఖరున ఉత్తమ ఉద్యోగి పేరు యంత్రమే తేల్చింది. ఏడో నంబరు సీటు. ఒక్కరోజు తప్పలేదు, ఆదివారాలు కూడా హాజరే. విశ్వమోహన్ గారు చప్పట్లు కొట్టించి, శాలువా తెప్పించి ఏడో సీటు దగ్గరికి నడిచారు. ఆ సీటు గుమాస్తా ప్రసవానికి పుట్టింటికి వెళ్ళి రెండు నెలలైంది. ఆమె సొరుగులో పిల్లి ఈనింది. మూడు పిల్లలు.

అటెండరు మస్తానమ్మ ఊరుకోలేదు. "అయ్యా, పిల్లికి శాలువా కప్పుతారా ఏంది?"

"మస్తానమ్మా, యంత్రమునకు పక్షపాతము లేదు," అన్నారాయన. శాలువా కుర్చీకి కప్పి, ప్రశంసాపత్రం గోడకి తగిలించారు. పిల్లి ఆ శాలువా మీదికి పిల్లల్ని మార్చుకుంది.

ఇంతవరకూ నేనూ నవ్వుకున్నాను. నవ్వు ఆగిపోయింది సింగరయ్య గారి దగ్గర.

సింగరయ్య గారు మా రికార్డు కీపరు. ముప్పై నాలుగేళ్ళుగా వెనక గదిలో పాత కట్టల మధ్య ఆయన ఒక్కరే. ఏ ఊరి కట్ట ఏ బీరువాలో ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవారు. మే ముప్పై ఒకటిన రిటైరు కావాలి. మార్చి నడిమిలో ఆయనకి వేపకంపల్లె రిజిస్టరు చేతికొచ్చింది. ఎప్పటిదో దొరల కాలం నాటిది. ఆ ఊళ్ళో ఏ పొలం చెక్క ఎవరిదో చెప్పే కాగితం లోకంలో అదొక్కటే. దాని పేజీలు వేయించిన అప్పడంలా అయిపోయాయి. వేలు పెడితే విరుగుతాయి. ఆయన చెక్కపేడుతో పేజీ లేపి, భూతద్దం పెట్టి, ఊపిరి బిగబట్టి చదివి, పక్కన కొత్త రిజిస్టర్లో రాసుకునేవారు. ప్రతి పేజీ అడుగున తేదీ వేసి పొట్టి సంతకం చెయ్యటం ఆయన అలవాటు. ఫ్యాను కూడా వేసుకునేవారు కాదు. అలా గంటలు గంటలు కదలరు.

యంత్రం లెక్కలో ఆయన మార్చి పదిహేను నుంచి లేరు.

నేను వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. ఆయన తలెత్తలేదు. పేజీ పూర్తయ్యాక ఊపిరి వదిలి చూశారు.

"ఏందబ్బాయ్?"

"సార్, ఐదు నిమిషాలకోసారి కాస్త చెయ్యి ఊపండి సార్. మీకు ఆబ్సెంటు పడుతోంది."

"ఊపితే గాలొస్తది. గాలొస్తే ఇది పోద్ది. ఇది పోతే ఎవడిదో అరెకరం పోద్ది."

"పోనీ లేచి అటూ ఇటూ తిరగండి."

"లేచినప్పుడల్లా మళ్ళీ వరస దొరకబుచ్చుకోటానికి పావుగంట పడతంది. ఇంకా నూటా పన్నెండు పేజీలున్నయ్. ముప్పై ఒకటికి నేను దిగిపోతా. లెక్కేసుకో."

"మిగతావి తరవాత ఎవరన్నా రాస్తారు లెండి సార్."

"ఎవరు రాస్తారు? నువ్వా?"

మాట మార్చాను.

"భయం లేదా సార్ మీకు?"

"ఎందుకు లేదు? ముప్పై నాలుగేళ్ళ సర్వీసు. నీళ్ళలో పోస్తారేమోనని రాత్రిళ్ళు నిద్ర పట్టట్లా. అట్టాగని దీన్ని చేతులారా పొడి చెయ్యమంటావా?" అని మళ్ళీ భూతద్దం అందుకున్నారు. ఆయన నెత్తిమీద లైటు ఆరిపోయింది.

వెనకాల రెండు మరలు. చిన్న స్క్రూడ్రైవరుతో ఒక్కదాన్ని పావు చుట్టు తిప్పితే, ఆయన పేజీ తిప్పినా యంత్రం చూసేది. స్క్రూడ్రైవరు నా జేబులోనే ఉంది. పరికరాలు తాకితే శిక్షార్హమని ఉత్తర్వు. నా తలుపు మీద ఇత్తడి బోర్డు. వెనక్కి వచ్చేశాను.

మే మొదటి వారంలో మెమో తయారైంది. 'మీరు నలుబది యొక్క దినములుగా అనుమతి లేక గైర్హాజరైనందున మిమ్ములను ఉద్యోగము నుండి ఏల తొలగించరాదో తెలియజేయవలెను.' దాన్ని ఇవ్వటానికి మస్తానమ్మని పిలిచారు.

"ఇచ్చొస్తానయ్యా, సీట్లోనే ఉండాడు," అందామె.

"సీటులో లేడు."

"ఇప్పుడే గదయ్యా మంచినీళ్ళు ఇచ్చొచ్చా!"

"మస్తానమ్మా, లేని వ్యక్తికి మంచినీళ్ళు ఇచ్చినట్లు నీవు ఒప్పుకొనుచున్నావా? మెమో తలుపుకు అంటించి రమ్ము."

సింగరయ్య గారు లోపల రాసుకుంటుండగా బయట తలుపుకి అంటించారు. సాయంత్రం ఆయన చదువుకుని, చక్కటి దస్తూరీతో జవాబు రాశారు. తాను రోజూ వస్తున్నానని, పనిచేస్తున్నానని. విశ్వమోహన్ గారు దాని మీద ఎర్రసిరాతో ఇలా రాశారు: 'కార్యాలయమున లేని వ్యక్తి కార్యాలయము నుండి పంపిన జవాబు స్వీకరించుటకు వీలులేదు.' విచారణకి ఆదేశాలొచ్చాయి.

విచారణ తేదీ మే ఇరవై ఆరు. రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండ. ప్రధాన కార్యాలయం నుంచి సంయుక్త సంచాలకులు హైమవతి గారు విచారణాధికారిగా వచ్చారు. మా సెక్షన్లో ఎయిర్ కూలరు ఉంది గనక మాకు ఇంకా కొంత ఉనికి మిగిలింది, ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది. విచారణ మాత్రం సమావేశ మందిరంలో. అక్కడ ఏసీ ఉంది. పొదుపు కోసం దాన్ని కూడా సెన్సర్లకే కలిపించారు. ముగ్గురు హాజరైతే గాని ఏసీ పడదు. ప్రతి కుర్చీ ముందూ ఒక సెన్సరు, గోడ మీద తెర.

మధ్యాహ్నం పన్నెండుకి అందరం కూర్చున్నాం. తెర మీద ఇలా వచ్చింది: హాజరు సున్న.

విశ్వమోహన్ గారు చెయ్యి ఊపారు. సున్న. రెండు చేతులూ ఊపారు. హైమవతి గారు హ్యాండ్‌బ్యాగు ఊపారు. సున్న.

"మిస్టర్ బాలశౌరీ, మేము ఏల లేము?"

"సార్, ఇది చుట్టూ ఉన్న వేడికీ మన ఒంటి వేడికీ తేడా చూస్తుంది. ఇప్పుడు గది వేడి ముప్పై ఆరు. మన ఒళ్ళూ ఇంచుమించు అంతే. గోడకీ మనకీ దానికి తేడా తెలియట్లేదు సార్."

"అయితే ఏసీ వేయుము."

"ముగ్గురు హాజరైతే గాని పడదు సార్."

"హాజరు ఎప్పుడు పడును?"

"ఏసీ పడి గది చల్లబడితే సార్."

ఆయన దీన్ని నోట్‌బుక్కులో రాసుకున్నారు. అందులో ఏదో లోపం ఉందని ఆయనకి తోచినట్టు లేదు. హైమవతి గారి చీర చెమటకి తడిసిపోతోంది. "ముందు నిమ్మకాయ నీళ్ళు తెప్పించండి. హాజరు లేకుండా విచారణ ప్రారంభిస్తే నియమోల్లంఘన అవుతుంది," అన్నారామె.

మస్తానమ్మ బేసినులో ఐస్ దిమ్మ పెట్టుకొచ్చి హైమవతి గారి ముందు దించింది. పచ్చడి బండ ఎత్తి ఒక్కటి వేసింది. ముక్కలు ఎగిరాయి. గది వేడికీ ఐసుకీ తేడా దొరికి తెర మీద అక్షరాలు మారాయి.

హాజరు: ఒకరు. స్థానము: విచారణాధికారి.

విశ్వమోహన్ గారు లేచి నమస్కారం పెట్టారు. "అభినందనలు మేడమ్. తాము హాజరైనారు. ప్రారంభించవచ్చును."

"అయ్యా, అది ఐసుగడ్డయ్యా," అంది మస్తానమ్మ.

"కొట్టుట ఆపకుము," అన్నారు ఆయన.

ఆమె కొడుతూనే ఉంది. హైమవతి గారు సింగరయ్య గారిని అడగటం మొదలుపెట్టారు. "నలభై ఒక్క రోజులు మీరు ఎక్కడ ఉన్నారు?"

"నా సీట్లోనేనమ్మా."

"సాక్ష్యం?"

సింగరయ్య గారు కొత్త రిజిస్టరు తెరిచి ఆమె ముందుకి జరిపారు. ప్రతి పేజీ అడుగునా తేదీ, పొట్టి సంతకం. మార్చి పదిహేను నుంచి నిన్నటి దాకా. ఆమె పేజీలు తిప్పారు. దస్తూరీ చూసి ఒక క్షణం ఆగారు. నాకు ఆశ పుట్టింది.

"పని జరిగినట్టు కనిపిస్తోంది," అన్నారు. "కాని, పని ఉన్నంతమాత్రాన మనిషి ఉన్నట్టు కాదు. ఇది గైర్హాజరులో చేసిన పని. దీని మీద విడిగా చర్య తీసుకోవాలి."

అప్పటికి ఐసు కరిగిపోయింది. బేసినులో నీళ్ళు కదలటం లేదు. తెర మీద మళ్ళీ సున్న. ఎవరూ తెర వైపు చూడలేదు. విచారణ రెండు గంటలు జరిగింది. సింగరయ్య గారిని తొలగించవచ్చని హైమవతి గారు రాసి, మా అందరి సంతకాలు తీసుకున్నారు. నేనూ పెట్టాను. సింగరయ్య గారు నన్ను చూసి చిన్నగా నవ్వారు. తిడితే బాగుండేది.

ఇరవై ఎనిమిదో తారీకు పొద్దున్నే విశ్వమోహన్ గారు నన్ను పిలిపించారు. మానవ హస్తం సోకని నివేదిక నేరుగా ప్రధాన కార్యాలయానికి చేరిపోయింది. అక్కడి నుంచి ఎన్నడూ లేని వేగంతో మెమో వచ్చింది. 'విచారణాధికారి విచారణమునకు ఇరువది యైదు నిమిషములు మాత్రమే హాజరైరి. సహాయ సంచాలకులు అసలే హాజరు కాలేదు. లేని ఇరువురు కలసి ఒక వ్యక్తి లేడని ఎట్లు నిర్ధారించిరో వెంటనే సంజాయిషీ ఇవ్వవలెను.'

"మేడమ్ గారు ఫోనులో నానా మాటలు అన్నారు," అని ఆయన కుర్చీలో కూలబడ్డారు. మొదటిసారి ఆయన మామూలు మనుషుల్లా మాట్లాడారు. "నేనక్కడే ఉన్నా కదయ్యా శౌరీ! నువ్వు చూశావు కదా!"

"చూశాను సార్. యంత్రం చూడలేదు."

"ఏదో ఒకటి చెయ్యి. మనం ఉన్నామని చెప్పించు."

జేబులో స్క్రూడ్రైవరు తగులుతోంది. "ఒక ఉత్తర్వు వేస్తే చాలు సార్. ఎండకి గది వేడెక్కిన రోజుల్లో యంత్రం చెప్పిన గైర్హాజరు చెల్లదని."

"భేష్! మే ఇరవై ఆరున చెల్లదని రాయి."

"ఒక్కరోజుకే రాస్తే మనకోసమే రాసుకున్నామనుకుంటారు సార్. ఎండలు ముందే మొదలయ్యాయి కదా. వేసవి మొత్తానికీ రాద్దాం. మార్చి పదిహేను నుంచి."

ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశారు. అర్థమైందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. సంతకం చేసేశారు. ఆ ఒక్క సంతకంతో ఇద్దరు ఆఫీసర్లు ఉన్నవాళ్ళైపోయారు. ఇరవై ఆరున జరిగిన విచారణకి ఆధారమే పోయింది. నలభై ఒక్క రోజులూ, ఆ తరవాతి రోజులూ సింగరయ్య గారు ఉన్నట్టే తేలింది. ముప్పై నాలుగేళ్ళు నీళ్ళలో కలవకుండా మిగిలాయి.

చెబుదామని వెనక గదికి పరిగెత్తాను. ఆయన ఊపిరి బిగబట్టి ఉన్నారు. పేజీ అయ్యేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. విన్నాక ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, చాలాసేపు తుడుచుకున్నారు. "మంచి పని చేశావురా అబ్బాయ్," అన్నారు. తరవాత, "ఇంకా పధ్నాలుగు పేజీలున్నయ్," అన్నారు.

ముప్పై ఒకటి మధ్యాహ్నం ఈదురుగాలి లేచి చిన్న వాన పడింది. గదులన్నీ చల్లబడ్డాయి. ఐదుకి పది నిమిషాలుందనగా ఆయన చివరి పేజీ అడుగున తేదీ వేసి సంతకం చేశారు. రెండు రిజిస్టర్లనీ కలిపి ఎర్ర నాడా కట్టి, నడుం పట్టుకుని లేచి నిలబడ్డారు. నెత్తిమీద లైటు వెలిగింది.

ఆయన తలెత్తి దాని వంక చూశారు. "ఇప్పుడు కనబడ్డానా నీకు?" అని, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

వానలు పడ్డాక, 'వాతావరణము అనుకూలించినందున' ఉనికి పరికరాలు మళ్ళీ అమల్లోకి వచ్చాయి. కౌంటరు దగ్గర 'అర్జీదారులు చేయి ఊపవలెను' అని కొత్త బోర్డు కూడా పెట్టారు. ఒకరోజు వేపకంపల్లె నుంచి ఒక ఆసామి వచ్చి చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు. తాత పేరు మీదున్న చెక్కకి నకలు కావాలట. సెక్షన్లో పద్దెనిమిది మందీ హాజరే. కట్ట ఎక్కడుందో ఒక్కరికీ తెలియదు. నేను వెనక గదిలోకి వెళ్ళి ఎర్ర నాడా విప్పాను. అతని తాత పేరు సింగరయ్య గారి దస్తూరీలో గుండ్రంగా ఉంది. అడుగున తేదీ, ఆయన లేని ఇరవై రెండో రోజు.

అతను నకలు కళ్ళకద్దుకుని వెళ్ళాక కట్ట సర్దబోతే, పక్క అరలో ఇంకో ఊరి రిజిస్టరు కనిపించింది. అట్ట తెరిస్తే అంచు పొడిలా రాలింది.

ఇత్తడి బోర్డు పీకి సొరుగులో పడేశాను. సింగరయ్య గారి కుర్చీ, భూతద్దం, చెక్కపేడు అక్కడే ఉన్నాయి. కూర్చున్నాను. ఊపిరి బిగబట్టి మొదటి పేజీ లేపాను. కాసేపటికి లైటు ఆరిపోయింది. కిటికీ దగ్గరికి కుర్చీ జరిపితే మళ్ళీ వెలిగింది. కదలకుండా కూర్చుంటే ఆరిపోయింది. ఆ కిటికీ వెలుతురులోనే మొదటి పేరు రాసుకున్నాను.